మేడమ్, ఇవి చచ్చిపోతున్నాయి

పద్నాలుగేళ్లుగా పరిశోధనలో ఉన్నా, పన్నెండేళ్ల పిల్లల ముందు నిలబడాలంటే నాకు టెన్షనే. వాగుల్లో రాళ్ల కింద బతికే పురుగుల్ని పట్టి, లెక్కపెట్టి, ఆ నీళ్లు ఎంత బాగున్నాయో చెప్పడం నా పని. అదే పిల్లలకు నేర్పించమని, నాలుగు సెషన్లు చాలని మా డిపార్ట్‌మెంటులో అడిగితే సరదాపడి ఒప్పుకున్నాను.

మొదటి సెషన్ ఫ్లాప్. నలభై స్లైడ్లు తీసుకెళ్లాను. భూమ్మీది నీళ్లలో మంచినీళ్లు 2.5 శాతమే అని చెప్పాను. నదులు, చెరువులు భూమి ఉపరితలంలో 1 శాతం కూడా ఉండవు, అయినా మనకు తెలిసిన జీవజాతుల్లో దాదాపు 10 శాతం వాటిలోనే ఉంటాయి అన్నాను. ఈ మాట నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. వాళ్లకు మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు. వెనక బెంచీలో ఒకడు మొదలుపెట్టిన ఆవలింత వరసగా ముందు బెంచీ దాకా వచ్చింది. ప్రశ్నలున్నాయా అంటే ఒకే ఒక్క చెయ్యి లేచింది. "మేడమ్, మీరు నిజంగా వాగులోకి దిగుతారా?"

దాంతో రెండో సెషన్ వాగు దగ్గరే పెట్టాను. తల్లిదండ్రుల సంతకాలు, ప్రతి ఆరుగురికీ ఒక పెద్ద మనిషి, పిల్లల మోకాలి లోతు దాటని చోటు, ఎగువన వాన పడలేదని ఖాయం చేసుకోవడం: ఈ తతంగానికే మూడు వారాలు పట్టింది.

దిగాక మాత్రం నేను పెద్దగా చెప్పాల్సిందేమీ లేకపోయింది. ఒకరు వల పట్టుకుంటారు. ఇంకొకరు దానికి ఎగువన నిలబడి అడుగునున్న రాళ్లను కాళ్లతో కదుపుతారు. కొట్టుకొచ్చినదంతా వలలో పడుతుంది. దాన్ని తెల్లటి ట్రేలో పోస్తే ముందు చెత్త, ఇసుక, కుళ్లిన ఆకులే కనిపిస్తాయి. ఒక నిమిషం కదలకుండా చూస్తే చెత్త నడవడం మొదలుపెడుతుంది. ఒక పుల్లముక్క పాకితే పిల్లలు కేక పెట్టారు. అది క్యాడిస్‌ఫ్లై అనే రెక్కల పురుగు లార్వా. నోట్లోంచి వచ్చే పట్టుదారంతో ఇసుకరేణువుల్ని, ఆకుముక్కల్ని అతికించి గొట్టంలా ఇల్లు కట్టుకుంటుంది, దాన్ని మోసుకునే తిరుగుతుంది.

మేఫ్లై, స్టోన్‌ఫ్లై అని ఇంకో రెండు రకాల పురుగులున్నాయి, వాటి పిల్లలూ వాగు అడుగునే పెరుగుతాయి. మేఫ్లై పిల్లకు సాధారణంగా మూడు తోకలు, స్టోన్‌ఫ్లై పిల్లకు రెండు అని చెప్పి ఉంచాను. వలలో పడేసరికి తోకలు విరిగిపోతాయి కాబట్టి ఈ లెక్క అన్నిసార్లూ కుదరదు. అప్పుడు కాలి చివర చూడాలి. మేఫ్లైకి ఒక గోరు, స్టోన్‌ఫ్లైకి రెండు. భూతద్దం కోసం చిన్న కొట్లాటే జరిగింది.

నేను ఒడ్డున చార్టు పట్టుకుని, నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుందని చెబుతున్నాను. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 9 మిల్లీగ్రాముల దాకా పట్టుకోగలవు, 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరే. మొదటి రోజు ఆవలించినవాడు ట్రే మీదకు వంగి ఉన్నాడు. "మేడమ్, దీని పక్కనున్న ఈకలు ఇందాకటికంటే స్పీడుగా ఆడుతున్నాయి" అన్నాడు. కాసేపటికి, "రెండు కదలట్లేదు. ఇవి చచ్చిపోతున్నాయి."

ట్రే ఎండలో ఉంది. అరగంట నుంచీ. పెట్టింది నేనే.

వాడు చూసిన ఈకలు మేఫ్లై మొప్పలు, పొట్టకు రెండు పక్కలా ఉంటాయి. ఆక్సిజన్ చాలకపోతే వాటిని గబగబా ఆడించి నీళ్లను తన వైపు తిప్పుకుంటుంది. నా చార్టులో ఉన్నదే ట్రేలోనూ జరుగుతోంది, నేను చార్టు చూస్తున్నాను. పరుగెత్తి ట్రేను నీడలోకి మార్చాం, మగ్గుతో వాగునీళ్లు పోశాం. ఆ రెండూ బతకలేదు. మిగతావాటి మొప్పలు నెమ్మదించే దాకా ఎవరూ అక్కణ్ణుంచి కదల్లేదు.

మూడో సెషన్ వానతో గదిలోనే గడిచింది. ఈసారి ఒక్క ఫొటోతో సరిపెట్టాను. కెనడాలో 226 నంబరు సరస్సును తెరతో రెండుగా విడదీసి, రెండు భాగాల్లోనూ కార్బన్, నైట్రోజన్ కలిపారు. ఫాస్ఫరస్ మాత్రం ఒకదాంట్లోనే వేశారు. 1973లో ఆ భాగం నాచుతో పచ్చబడింది, రెండోది మామూలుగానే ఉంది. ఏ పక్క ఏం వేశారో పిల్లలే వాదించుకుని తేల్చారు.

నాలుగోసారి రెండు జట్లను వాగులో రెండు చోట్లకు పంపాను. దిగువ జట్టు ట్రే నిండా ఎర్రపురుగులే. మన రక్తంలో లాగే వీటికీ హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆక్సిజన్ తక్కువున్న బురదలోనూ నెట్టుకొస్తాయి. "చూశారా, కింద నీళ్లు పాడయ్యాయి" అనబోతున్నాను. మొదటి రోజు చెయ్యెత్తిన అమ్మాయి అడ్డుపడింది. "మేమేమో నీళ్లు నిలిచిన మూలలో బురద తీశాం మేడమ్. వాళ్లు పారే నీళ్లలో రాళ్ల మీద తీశారు. రెండూ ఎలా పోలుస్తాం?"

రెండు జట్లూ ఒకేలాంటి చోట తీయాలని చెప్పడం నేనే మరిచిపోయాను. మళ్లీ దిగారు, ఈసారి దిగువన కూడా రాళ్ల మీద. ఆక్సిజన్ తగ్గితే తట్టుకోలేని మేఫ్లైలు పదకొండు దొరికాయి. ఆ అమ్మాయి మొదటి లెక్కను చెరిపేయకుండా అడ్డంగా ఒక గీత గీసి, పక్కన "చోటు తేడా, మళ్లీ తీశాం" అని రాసుకుంది. ఆవలించినవాడు అప్పటికే ట్రేను నీడలో పెట్టి, ఎండ జరిగినప్పుడల్లా దాన్నీ జరుపుతున్నాడు.