త గణం ఊళ్ళు

ఆదివారం. అమ్మను చూసి రావడానికి మా అమ్మాయితో ఒంగోలు బయలుదేరాను. రేపు దానికి తెలుగు పరీక్ష. పెన్న వంతెన మీద ఛందస్సు పుస్తకం తెరిచింది, కోవూరు రాకముందే మూసేసింది. బస్సులో చదివితే దానికి కడుపులో తిప్పుతుంది.

"పోనీ, ఊళ్ళ పేర్లకు గణాలు చూడు" అన్నాను, ఊరుకుంటుందని.

కిటికీ అద్దం మీది దుమ్ములో వేలితో గురులఘువులు గీసింది. గురువంటే బరువుగా పలికే అక్షరం, లఘువంటే తేలిగ్గా పలికేది; వాటి వరసే గణం. నెల్లూరు: రెండు గురువులు, ఒక లఘువు. త గణం. కోవూరూ అంతే, గూడూరూ అంతే. "జిల్లా అంతా త గణమేనా!" అని విసుక్కుంది. ఉదయగిరి అందించాను, ఐదూ లఘువులే. కావలి బోర్డు కనబడగానే "భ గణం!" అని అరిచింది. ముందు సీట్లోని పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు.

గణాలన్నీ ఎలా గుర్తుంచుకున్నావంటే యమాతారాజభానసలగం అంది. అది నాకూ వచ్చు, ఎక్కంలా వల్లించాను. కానీ ఏ గణం కావాలంటే ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు చదివితే ఆ గణమే వస్తుందట. 'తారాజ' అంటే రెండు గురువులు, ఒక లఘువు. ఇది నాకు ఈ రోజే తెలిసింది. తెలియకుండానే పదో తరగతిలో మంచి మార్కులు ఎలా వేశారో!

సింగరాయకొండ దగ్గర వేలు ఆగింది. సింగ, రాయ, కొండ. వరసగా మూడు సూర్యగణాలు, మూడూ గురువు-లఘువు జంటలే. "అమ్మా, ఉప్పు, కప్పు, రంబు! ఇది ఆటవెలది ఎత్తుగడ!" ఆటవెలదంటే వేమన పద్యాల కొలత. ఇంకో రెండు ఇంద్రగణాలు, అంటే కాస్త పొడుగు గణాలు, కావాలి; నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జత, కుదరాలి. పెదవులు కదుపుతూ కాసేపు కూర్చుని, వేళ్ళ మీద లెక్కపెట్టి చదివింది:

"సింగరాయకొండ చేరంగ నాకలి"

సి-కి చే. కుదిరింది. రెండో పాదం నిండా సూర్యగణాలే, ఐదు. టంగుటూరులో బస్సు ఆగితే పల్లీల పొట్లం కొందామని పర్సు తీశాను. అది నా చేయి పట్టుకుని ఆపింది.

"టంగుటూరు దాటె డబ్బు లేదు"

"ఇదుగో, డబ్బుందిగా!" అన్నాను.

"ట-కు డ యతి అమ్మా. ఉన్నా లేదనాల్సిందే."

ఈలోగా బస్సు కదిలింది. పల్లీలు రాలేదు.