ఐదు లక్షల లెక్కలో చల్లని ఇల్లు: తాండూరు దగ్గర మా ఇందిరమ్మ ఇంటి అనుభవం

అమ్మ పేరు మీద ఇందిరమ్మ ఇల్లు మంజూరైందని తెలియగానే ఊళ్లో అందరూ చెప్పిన సలహా ఒకటే: పిల్లర్లు లేపండి, స్లాబు వేయండి, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. మాది వికారాబాద్ జిల్లాలో తాండూరు పక్కన ఒక పల్లె. అప్పటిదాకా మాకున్నది రేకుల ఇల్లు. ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట అందులో ఎవరూ ఉండలేరు, వేపచెట్టు కిందే కాపురం. కొత్త ఇల్లు తక్కువ ఖర్చులో అయిపోవాలి, కూలర్ లేకుండా ఎండాకాలం గడవాలి. నా పట్టుదల అదే. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని చాలామంది అనుకుంటారు. కానీ ఇటుక, సిమెంటు, స్టీలు ఎంత తక్కువ పడితే అంత డబ్బు మిగులుతుంది, వాటి కోసం కాల్చే బొగ్గూ అంత తగ్గుతుంది. కొత్తగా ఏదో తెచ్చి పెట్టడం కంటే అక్కర్లేనిది పెట్టకపోవడమే సగం పని.

పథకం లెక్క తెలిసిందే. ప్రభుత్వం ఇచ్చేది మొత్తం ఐదు లక్షలు, నాలుగు దఫాలుగా వస్తుంది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. వంటగది, మరుగుదొడ్డి ఉండాలి. 600 దాటి కట్టి బిల్లు ఆగిపోయినవాళ్లు చుట్టుపక్కల ఉన్నారు కాబట్టి మేం 480 దగ్గర ఆగాం. మొదటి లక్ష బేస్‌మెంట్ పూర్తయ్యాకే పడుతుంది, అదీ పంచాయతీ కార్యదర్శి వచ్చి ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాక. అంటే పునాది డబ్బు ముందు మన చేతిలో ఉండాలి. అమ్మ మహిళా సంఘంలో అప్పు తీసుకుంది.

పునాది దగ్గరే మొదటి చర్చ వచ్చింది. మాది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైనున్న గోడను కూడా తనతో లాగుతుంది. పిల్లర్లు లేకుండా కడదామన్న నా ఆలోచనకు బాబాయి అడ్డుపడింది ఇందుకే. ఆయన భయం న్యాయమైనదే. కానీ మా జాగాలో కొంచెం లోతు తవ్వగానే బండ తగిలింది. రేగడి మొత్తం తీసేసి బండ మీద నుంచే రాతి పునాది లేపాం, పైన చుట్టూ ప్లింత్ బీమ్, అంటే పునాదిని కట్టిపడేసే కాంక్రీటు పట్టీ వేశాం. హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి చూసి, ఒక్క అంతస్తుకు గోడలే బరువు మోస్తాయి, తలుపులు, కిటికీల మీద వేసే లింటెల్ కూడా చుట్టూ ఒకే పట్టీలా వేయండి అన్నారు. పిల్లర్ల స్టీలు అక్కడే మిగిలింది. రాయి కొనడానికి దూరం పోలేదు. తాండూరు చుట్టూ క్వారీల దగ్గర పనికిరాదని పారేసిన ముక్కలు గుట్టలుగా ఉంటాయి. ట్రాక్టరు కిరాయి, ఎత్తినవాళ్ల కూలి, అంతే.

అసలు కథ గోడలది. నేను కట్టిద్దామనుకున్నది ర్యాట్ ట్రాప్ బాండ్. కేరళలో స్థిరపడిన లారీ బేకర్ అనే ఆర్కిటెక్టు దీన్ని మన దేశంలో బాగా వాడకంలోకి తెచ్చాడు. ఇటుకను మామూలుగా పడుకోబెట్టకుండా పక్కకు నిలబెట్టి పేరుస్తారు. తొమ్మిదంగుళాల గోడలో అటొకటి ఇటొకటి మూడంగుళాల ఇటుకలు పోగా మధ్యలో మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. ఇటుకలు దాదాపు పావు వంతు తగ్గుతాయి, వాటిని అతికించే సిమెంటు మాలూ తగ్గుతుంది. ఆ ఖాళీలోని గాలి బయటి వేడిని లోపలికి అంత తొందరగా రానివ్వదు.

మా మేస్త్రి కాకా ముప్పై ఏళ్లుగా ఇళ్లు కడుతున్నాడు. బొమ్మ చూపిస్తే నవ్వాడు. “ఇటుక నిలవెడితే గోడ నిలుస్తదా బిడ్డా? రేపు మేకు గొడితే చెయ్యి లోపలికి పోతది.”

“కాకా, మాలు లేకుండా నాలుగు వరుసలు పేర్చి చూడు. నచ్చకపోతే నీ ఇష్టం వచ్చినట్టే కట్టు” అన్నాను.

పేర్చాడు. మూలలు ఎట్లా కలపాలో ఆయనే రెండుసార్లు మార్చి మార్చి చూసుకున్నాడు. ఇటుకలు లెక్కపెట్టుకున్నాడు. నా మాట కంటే ఆ లెక్కే ఆయన్ని ఒప్పించింది. అయితే ఒక షరతు పెట్టాడు: పని నెమ్మదిగా సాగుతుంది కాబట్టి గుత్త కొంచెం పెంచాలి. పెంచాం. ఇటుకలో మిగిలినదంతా మన జేబులోకి రాదని ఈ పద్ధతి గురించి మాట్లాడేవాళ్లు ముందే చెప్పాలి.

దీనికి ఇటుకలన్నీ ఒకే సైజులో ఉండాలి. మా వైపు బట్టీ ఇటుకలు ఒకటి వంకర, ఒకటి పొట్టి. అందుకని ఫ్లై యాష్ ఇటుకలు తెప్పించాం. థర్మల్ ప్లాంట్ల బూడిదతో చేసి, కాల్చకుండా నీళ్లు పట్టి గట్టిపడేలా చేస్తారు. మూలలు, తలుపు చౌకట్ల పక్కన, కిటికీ కింద వరుస, లింటెల్ కింద వరుస మాత్రం ఖాళీ లేకుండా గట్టిగా కట్టాలి. కరెంటు పైపులు, స్విచ్ బోర్డులు ఎక్కడో ముందే తేల్చుకోవాలి, తర్వాత గోడను చెక్కుతానంటే కుదరదు. ఎలక్ట్రీషియన్‌ను గోడ లేవకముందే పిలిపిస్తే అతను విసుక్కున్నాడు, కానీ వచ్చాడు.

గిలాబు (గోడకు సిమెంటు పూత) దగ్గర అమ్మతో గొడవ. బయట గిలాబు వద్దు, ఇటుకల సందులు పూడ్చి వదిలేద్దామని నేను. “గిలాబు లేని ఇల్లు చూస్తే, పైసలు లేక ఆపేసిన్రు అంటరు” అని అమ్మ. చివరికి ఇంటి ముందువైపు గోడకు మాత్రం గిలాబు, రంగు. మిగతా మూడు వైపులా ఇటుకే. చుట్టాలొచ్చే దారి ముందునుంచే కదా.

ఎండ విషయంలో వాస్తు మాకు అడ్డు రాలేదు, ఇది నా అదృష్టం. మరుగుదొడ్డి, మెట్లు పడమర వైపు పెట్టాం. మధ్యాహ్నపు ఎండ ముందు వాటికే తగులుతుంది, పడకగదికి కాదు. కిటికీలు ఎదురెదురుగా, పైన సజ్జలు వెడల్పుగా.

స్లాబులో కింది భాగాన పాత మంగళూరు పెంకులు పెట్టి కాంక్రీటు తగ్గించే పద్ధతి ఒకటుంది, ఫిల్లర్ స్లాబు అంటారు. చేయాలని ఉండింది. కానీ స్లాబుకు కింద చెక్కలు కట్టే మా సెంట్రింగ్ వాళ్లలో ఒక్కరూ దాన్ని చూసినవాళ్లు లేరు. గోడయితే కూలగొట్టి మళ్లీ కట్టొచ్చు, స్లాబుతో ఆ ప్రయోగం చేయలేం. మామూలు స్లాబే వేసి, పైన తెల్ల సున్నం రెండు కోట్లు కొట్టాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో పైకప్పులు వేడెక్కకుండా చూసే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కానీ మాలాంటి చిన్న ఇళ్లకు అది తప్పనిసరి కాదు. సున్నం మాత్రం చవక, ఏటా వేసవి ముందు ఒకసారి కొట్టుకుంటే చాలు.

కింద నేలకు, వంటగట్టుకు, అలమర అరలకు అన్నింటికీ తాండూరు బండలే. టైల్స్ ఎందుకు వేయలేదని హైదరాబాద్ చుట్టాలు అడుగుతారు. ఎండాకాలం వచ్చి ఆ బండల మీద పడుకున్నాక అడగరు.

పుస్తకాల్లో మంచివని రాసినవన్నీ మా జాగాకు సరిపడలేదు. రెండు గుంతల మరుగుదొడ్డి చవక, కానీ రేగడిలో నీళ్లు ఇంకవు, కింద బండ. సెప్టిక్ ట్యాంకే కట్టాం. ఇంకుడు గుంతదీ అదే సంగతి. స్లాబు మీది వాన నీళ్లను సంపులోకి మళ్లించాం. సోలార్ పెట్టుకోమని కొందరు చెప్పారు. 200 యూనిట్ల దాకా గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం కింద బిల్లే రాని ఇంటికి, సబ్సిడీ పోగా మిగిలే ఖర్చు కూడా దండగే. ఆ డబ్బు సజ్జల్లోకి పోయింది.

మొత్తం ఐదు లక్షల్లో అయిపోయిందని చెప్పను, కాలేదు. కానీ చుట్టుపక్కల ఇదే సైజులో కట్టినవాళ్లకంటే మా అప్పు చిన్నది. మొన్నటి వేసవి ఫ్యానుతోనే గడిచింది.

ఇప్పుడు పక్క వీధిలో ఒకాయన మేస్త్రి కాకాను అదే గోడ కట్టమని అడిగాడు. ఆయన జాగాలో రేగడి లోతుగా ఉంది, బండ తగలలేదు. అక్కడ పిల్లర్లు వేయాల్సిందేనని కాకానే చెప్పి, మధ్య గోడలు మాత్రం బోలుగా కడుతున్నాడు. గుత్త మాకు చెప్పినదానికంటే ఎక్కువే చెప్పాడట, ఇది తెలిసిన పని కదా అని.