చివరి రాత్రి షిఫ్టు

ముప్పై ఏళ్ల కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనలో నాకు బాగా గుర్తుండిపోయినవి రాత్రి షిఫ్టులే. అయాన్లను వేగంగా పరుగెత్తించే పెల్లెట్రాన్ యాక్సిలరేటర్‌లో కోటిన్నర వోల్టులు నిలబడి, అయాన్ల పుంజం కుదురుగా వస్తేనే ప్రయోగం. లేకపోతే టీ తాగుతూ కూర్చోవడమే.

మొదటి ప్రయోగానికి మాకు 5 రోజులు ఇస్తే, 2 రోజులు వాక్యూమ్ లీకు వెతకడానికే సరిపోయాయి. చివరికి దొరికింది గాలి చొరబడకుండా అతుకుల్లో పెట్టే రబ్బరు ఓ-రింగుకు అంటుకున్న ఒక్క వెంట్రుక! ఎవరిదో ఎవరూ ఒప్పుకోలేదు. నాది అప్పటికే బట్టతల కాబట్టి బతికిపోయాను.

గామా కిరణాలను కొలిచే జెర్మేనియం డిటెక్టర్‌కు చల్లదనం కోసం ద్రవ నైట్రోజన్ నింపుతుంటే గొట్టం మీద తెల్లగా మంచు పేరుకునేది. గామా కిరణాలు వెదజల్లే కోబాల్ట్-60 ఎదురుగా పెడితే తెర మీద 1173, 1332 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర రెండు శిఖరాలు లేచేవి. వాటిని చూస్తే అయినవాళ్లు ఎదురొచ్చినట్టుండేది.

నిన్న రాత్రి ఆఖరిసారి నైట్రోజన్ నింపి వచ్చాను. చేతి తొడుగు ఒకటి పొరపాటున జేబులోనే ఉండిపోయింది. రేపు తిరిగి ఇచ్చేయాలి.