టూ స్పీడ్ పూల్ పంపు ‘లో’ స్పీడులో ఆగిపోతే: రిలే దగ్గర దొరికిన లోపం – నా అనుభవం

మేముండేది టెక్సాస్‌లో, డాలస్ శివార్లలో. పెరటి పూల్‌కి ఒకటిన్నర హార్స్‌పవర్ టూ స్పీడ్ పంపు ఉంది. ‘హై’ స్పీడులో 3450 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), ‘లో’ స్పీడులో 1725. వేగం సగానికి తగ్గితే నీళ్ల పారుదలా సగమవుతుంది. కరెంటు మాత్రం లెక్క ప్రకారం ఎనిమిదో వంతు చాలు. మోటారు నష్టాల వల్ల నిజంగా అంత తగ్గదు కానీ, రోజులో ఎక్కువ గంటలు లోలో నడపడానికి కారణం అదే. ఆ లో స్పీడే పోయింది. హై బాగానే తిరుగుతోంది, లోకి మారగానే చప్పుడు లేదు.

ఇక్కడ చెవి పెట్టి వినడం ముఖ్యం. మోటారు గుయ్యిమంటూ తిరగకపోతే మోటారు స్టార్టుకి సాయపడే కెపాసిటర్, సెంట్రిఫ్యూగల్ స్విచ్, నీళ్లు నెట్టే ఇంపెల్లర్ చక్రంలో ఇరుక్కున్న చెత్త చూడాలి. అసలు మూలుగే లేదంటే లో స్పీడు వైండింగుకి (మోటారులోని తీగచుట్టకి) కరెంటు అందడం లేదు, లేదా ఆ వైండింగ్ దారి ఎక్కడో తెగింది.

మా వైరింగ్ ఇదీ. టైమర్ నుంచి రెండు లైవ్ వైర్లు వస్తాయి. ఒకటి నేరుగా మోటారు కామన్‌కి (రెండు వైండింగులూ కలిసే టెర్మినల్), రెండోది రిలే కామన్‌కి. రిలే అంటే కరెంటుతో పనిచేసే స్విచ్. రిలేలో ఎన్‌సీ పాయింటు (కాయిల్‌కి కరెంటు లేనప్పుడు మూసి ఉండేది) నుంచి లో, ఎన్‌ఓ పాయింటు (అప్పుడు తెరిచి ఉండేది) నుంచి హై. రిలేని లాగే ఈ కాయిల్‌ని రెండో టైమర్ నడుపుతుంది. రెండు వైండింగులకీ ఒకేసారి కరెంటు వెళ్తే మోటారు పాడవుతుంది కాబట్టి, రెండు విడి స్విచ్‌లతో ఈ పని ఎప్పుడూ చేయకండి.

మనవాళ్లు పొరబడే చోటు ఇదే. మనవైపు ఫేజ్, న్యూట్రల్ ఉంటాయి. టెస్టర్ వెలిగితే ఫేజ్ వచ్చినట్టే. ఇక్కడి 240 వోల్టుల పంపుకి న్యూట్రల్ ఉండదు, రెండు వైర్లూ లైవే. రిలే పాయింటు తెగి ఉన్నా, మోటారు కామన్ వైరులోని కరెంటు వైండింగు గుండా తిరిగి లో వైరు చివరికి వస్తుంది. అక్కడి నుంచి ఎర్త్‌కి కొలిస్తే 120 వోల్టులు కనబడ్డాయి. అది చూసి రిలే బాగుందనుకుంటే మంచి మోటారుని మార్చేస్తాం. హై తిరుగుతుండగా కూడా ఖాళీగా ఉన్న లో టెర్మినల్ మీద వోల్టేజీ పుడుతుంది, ముట్టుకోకూడదు.

అందుకని ఎర్త్‌కి కాకుండా పాయింటుకి అటూ ఇటూ కొలిచాను. లో స్పీడు దశలో రిలే కామన్‌కీ ఎన్‌సీకీ మధ్య దాదాపు సున్నా రావాలి. నాకు 240 వచ్చింది. అంటే మూసుకోవాల్సిన పాయింటు తెరిచే ఉంది.

తర్వాత బ్రేకర్ దించి, రెండు లైన్ల మధ్యా, ఒక్కో లైను నుంచి ఎర్త్‌కీ సున్నా అని చూసుకుని, వైర్లకి ఫొటో తీసి విప్పాను. మోటారు కామన్ నుంచి లోకి, హైకి కొద్ది ఓమ్‌లు, బాడీకి ఓఎల్ (మీటరు కొలవలేనంత ఎక్కువ, అంటే కనెక్షన్ లేదు). మోటారు తప్పు లేదు. రిలే ఎన్‌సీ పాయింటు మాత్రం ఓఎల్. మూత తీస్తే చచ్చిన ఎర్రచీమలు, నల్లగా కాలిన పాయింటు. టెక్సాస్ ఫైర్ యాంట్స్ రిలేల్లో చేరడం మామూలే. పాయింట్ల మధ్య ఇరుక్కుంటే సరిగా ఆనక స్పార్క్ వచ్చి కాలిపోతుంది. గరుకు కాగితంతో రుద్దితే కొన్నాళ్లే పనిచేస్తుంది, మార్చడమే మంచిది.

కొత్తది కొనేటప్పుడు కాయిల్ వోల్టేజీ చూడండి. 24 వోల్టులవీ, 240వీ బయటికి ఒకేలా ఉంటాయి. ఆంప్స్ ఒక్కటే చాలదు, 240 వోల్టుల దగ్గర పాయింట్ల హార్స్‌పవర్ రేటింగ్ మోటారుకి తగ్గకూడదు. ఎన్‌సీ వైపు రేటింగ్ విడిగా రాసి ఉంటే అదీ చదవండి.

బిగించాక మొదటి ఐదు నిమిషాలు హైలో నడిపాను, లోలో పంపు గాలిని లాగి నీళ్లందుకోవడం కష్టం. ఆపైన లోకి మార్చి క్లాంప్ మీటరు పెడితే 2.9 ఆంప్స్, మోటారు లేబుల్ మీద 3.0. కాండ్యూట్ పైపు నోటికి డక్ట్ సీల్ ముద్ద కూరాను. చీమలు వచ్చిన దారి అదే.