వేటపాలెం లైబ్రరీకి వెళ్ళొచ్చాం

లైబ్రరీ సైన్స్ చదువుతున్నానంటే మా చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, పుస్తకాలు సర్దడానికి కూడా చదువు కావాలా అని. ఈ ఏడాదంతా నాకూ అలానే అనిపించింది లెండి, పుస్తకాలకి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం 894.827, వంటలు 641.5, మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కి ఆద్యుడైన రంగనాథన్ గారి అయిదు సూత్రాలు 1931, ఆయనదే కోలన్ అనే వర్గీకరణ పద్ధతి 1933, ఇవే బట్టీ. నవలలేమో హాస్టల్లో లైట్లు ఆపేశాక ఫోన్ వెలుగులో.

సెమిస్టర్ అవగానే రూమ్మేటూ నేనూ విజయవాడలో ప్యాసింజర్ ఎక్కేశాం, వేటపాలెంలో సారస్వత నికేతనం అనే పాత లైబ్రరీ చూడాలని. పెదవడ్లపూడిలో బండి ఆగింది. 1935లో ఇక్కణ్ణుంచి కొల్లూరు దాకా కాలువలో పడవ మీద లైబ్రరీ నడిపారు పాతూరి నాగభూషణం గారు, పుస్తకాలే ఊళ్ళకెళ్ళేవి. ఎగ్జామ్‌లో రెండు మార్కుల బిట్ అది, ఊరి బోర్డు ఎదురుగా కనపడేసరికి మాత్రం కిటికీలోంచి కాలువ ఎటుందా అని ఇద్దరం వెతికేశాం. తెనాలిలో ఇడ్లీ, బాపట్ల దాకా నిద్ర, చీరాల దాటేసరికి ఒకటే ఉక్కపోత.

వేటపాలెం అంటే జీడిపప్పూ మగ్గాలూ అనుకుంటాం కదా, ఈ లైబ్రరీ కూడా అంతే పేరున్నది. 1918లో వి.వి. శ్రేష్ఠి గారు మొదలుపెట్టారు. గాంధీ గారు 1929లో వచ్చారు, ఆయన చేతికర్ర ఇక్కడే దాచారు. అందరూ ముందు ఆ కర్ర దగ్గరికే వెళ్తారు, నేను మాత్రం పాత పేపర్ల వైపు పోయాను. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక బైండ్లు, అంచులు టీ రంగులోకి తిరిగిపోయి, మడత దగ్గర ముట్టుకుంటే పొడి రాలుతోంది. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ (కాగితంలో మిగిలిపోయే చెక్క పదార్థం), ఆసిడ్, పసుపెక్కడం అని నోట్స్ రాసుకున్నదంతా అక్కడ వేళ్ళకి అంటుకుంది.

"ఏమ్మా, ఏం కావాలి?" అని అడిగారు అక్కడున్న పెద్దాయన. లైబ్రరీ సైన్స్ స్టూడెంట్లం అన్నాం. "అయితే మెల్లగా తిప్పండమ్మా, మీకు చెప్పక్కర్లేదనుకుంటా" అని నవ్వారు. ఏ వార్త కోసమూ కాదు, ఊరికే తిప్పుతూ కూర్చున్నాం. నాకైతే వార్తలకంటే ప్రకటనలే బాగున్నాయి, మందులూ సబ్బులూ... ఇండెక్స్ లేకుండా ఇందులో ఒక్క విషయం పట్టుకోవాలంటే ఎన్ని రోజులు పడుతుందో అని నా రూమ్మేట్ గొణుగుతూనే ఉంది. దానికి డిజిటైజేషన్ పిచ్చి, స్కాన్ చేసేస్తే అయిపోతుందంటుంది. కాదే బాబూ, స్కాన్ చేసేవాడు కూడా ఈ కాగితాన్ని తిప్పాల్సిందే కదా, ముందు దీన్ని బతికించాలి అని నేను, అక్కడే గుసగుసగా గొడవ పడ్డాం. ఇంకా తేలలేదు.

భోజనం చేసి ఎండ తగ్గాక రామాపురం బీచ్‌కి ఆటోలో వెళ్ళాం, అదేం పెద్దగా చెప్పుకునేది కాదు, మామూలు బీచే. వెళ్ళేవాళ్ళకి ఒక మాట, ఎక్స్‌ప్రెస్ అయితే చీరాలలో దిగి ఆటో పట్టుకోండి, లైబ్రరీ టైమింగ్స్ ముందే కనుక్కోండి, జీడిపప్పు మాత్రం బేరమాడి కొనండి.