సఖినేటిపల్లి రేవులో పోయిన బండి

మాది వశిష్ఠ గోదావరికి తూర్పున, సఖినేటిపల్లికి దగ్గరి పల్లెటూరు. నర్సాపురంలో పని ఉన్న రోజున మోటార్‌సైకిల్‌ను రేవు గట్టున నిలిపి, పంటు ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్లి, సాయంత్రానికి తిరిగి రావడం మా వైపు చాలామందికి అలవాటు. 2022లో అలా వదిలి వెళ్లిన నా బండి, తిరిగి వచ్చేసరికి అక్కడ లేదు. హ్యాండిల్ లాక్ వేసే వెళ్లాను. తాళంచెవి నా జేబులోనే ఉంది.

హ్యాండిల్ లాక్ ఒక్కటే చాలుననుకోవడం నేను చేసిన పొరపాటు. హ్యాండిల్ తిరగకుండా లోపల అడ్డుపడే చిన్న ఇనుప ముక్క అది. బలం ఉపయోగించేవాడికి దాన్ని విరవడం పెద్ద పని కాదు. అందుకే ఇప్పుడు ముందు చక్రానికి డిస్క్ లాక్ వేస్తున్నాను. అయితే డిస్క్ లాక్ చక్రాన్ని తిరగనివ్వదు గానీ, ఇద్దరు మనుషులు బండిని ఎత్తి ట్రాలీ ఆటోలో వేసుకుపోతుంటే ఆపలేదు. కనుక దళసరి గొలుసును వెనక చక్రంలోంచి, బండి చట్రంలోంచి దూర్చి, భూమిలో పాతుకున్న ఇనుప స్తంభానికి కట్టడం మేలు. గొలుసు నేలమీద పడి ఉంటే సుత్తితో కొట్టడం తేలిక, కాబట్టి దాన్ని బిగుతుగా, నేలకు ఎత్తుగా ఉంచాలి. సముద్రం దగ్గరున్న మా ఊళ్లలో ఉప్పుగాలికి తాళాలు త్వరగా తుప్పు పడతాయి. నెలకొకసారి రెండు చుక్కల మిషన్ ఆయిల్ వేయకపోతే ఏదో ఒక రోజు మన తాళం మనకే రాదు.

నన్ను ఎక్కువగా బాధించినది బీమా సంగతి. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేశారు. 2019లో కొన్న నా బండి కాగితంపై ఐదేళ్లని కనబడటంతో నేను నిశ్చింతగా ఉన్నాను. నిజానికి దొంగతనానికి పరిహారం ఇచ్చే సొంత నష్టం భాగం మొదటి ఏడాదితోనే ముగిసిపోయింది, నేను దానిని పొడిగించలేదు. థర్డ్ పార్టీ బీమా మన బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికే వర్తిస్తుంది, బండి పోతే పైసా రాదు. దయచేసి ఈ రోజే మీ పాలసీ తీసి థర్డ్ పార్టీ, సొంత నష్టం భాగాలు ముగిసే రెండు తేదీలనూ విడివిడిగా చూసుకోండి. సొంత నష్టం బీమా ఉన్నవారు కూడా రెండో తాళంచెవిని భద్రంగా దాచుకోవాలి, ఎందుకంటే క్లెయిము సమయంలో కంపెనీలు రెండు తాళంచెవులనూ అడుగుతాయి.

ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఫోనులోనే కాక ఇంట్లో ఒక పుస్తకంలో కూడా రాసి ఉంచండి. నా ఫిర్యాదు ఆ నంబర్ల కోసమే ఒక పూట ఆలస్యమైంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి.

నా బండి దొరకలేదు. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్లినప్పుడు మేము ముగ్గురం మూడు బండ్లనూ ఒకే గొలుసుతో స్తంభానికి కట్టి, దర్శనానికి ఒకరి తరువాత ఒకరం వెళ్లి వచ్చాము.