గ్రిడ్‌లో రెండు కాపీలున్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు

మెయిన్‌ఫ్రేమ్ షాపుల్లో చాలాచోట్ల ఇప్పుడు టేప్ అంటే వర్చువల్ టేపే, అంటే టేప్‌లా కనిపించే డిస్క్. ఐబీఎం టీఎస్7700నే తీసుకోండి. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్‌కి అది 3490ఈ టేప్ డ్రైవుల వరసలా కనిపిస్తుంది. జాబ్ రాసిన డేటా దాని డిస్క్ క్యాష్‌లో పడి, నెట్‌వర్క్ మీదుగా గ్రిడ్‌లోని, అంటే ఇలా కలిపిన టీఎస్7700ల గుంపులోని, రెండో క్లస్టర్‌కి (ఇంకో టీఎస్7700కి) కాపీ అవుతుంది. దీంతో రెండు ఊళ్ళలో డేటా ఉంది కాబట్టి బ్యాకప్ పని అయిపోయిందనుకుంటారు. ఒక క్లస్టర్ మొత్తం పోయినా గ్రిడ్ కాపాడుతుంది, నిజమే. కానీ ఎవరైనా పొరపాటున వాల్యూమ్‌ని (ఒక వర్చువల్ టేప్‌ని) స్క్రాచ్ చేస్తే, అంటే మళ్ళీ రాసుకోవచ్చని వదిలేస్తే, అది రెండు చోట్లా స్క్రాచే.

ముందు కాపీ మోడ్ సంగతి. ఏ క్లస్టర్‌కి ఏ మోడ్ అన్నది మేనేజ్‌మెంట్ క్లాస్ అనే పాలసీలో పెడతాం. సింక్రనస్‌లో ప్రతి సింక్ పాయింట్‌కీ (రాసింది భద్రమైందని జాబ్ ఖాయం చేసుకునే చోటు) డేటా రెండు క్లస్టర్లలోనూ ఉంటుంది. రన్ మోడ్‌లో వాల్యూమ్ రివైండ్-అన్‌లోడ్ అయ్యేటప్పుడు (టేప్ చుట్టి దింపేటప్పుడు) కాపీ ముగిసేదాకా జాబ్ ఆగుతుంది. డిఫర్డ్‌లో జాబ్ ముందుకెళ్ళిపోతుంది, కాపీ క్యూలో ఉంటుంది. చాలామంది వాడేది డిఫర్డే, ఎందుకంటే బ్యాచ్ విండో (బ్యాచ్ జాబులకు కేటాయించిన సమయం) పెరగదు. చిక్కు వచ్చేది అక్కడే. క్యాటలాగ్ (ఏ డేటాసెట్, అంటే ఫైల్, ఎక్కడుందో చెప్పే జాబితా), టేపులను నిర్వహించే ఆర్ఎంఎం ప్రోగ్రామ్ కంట్రోల్ డేటాసెట్, టేప్ వాల్యూముల జాబితా టీసీడీబీ డిస్క్ మీద ఉంటాయి, డిస్క్ మిర్రరింగ్ వాటిని క్షణాల్లో డీఆర్ (విపత్తు రికవరీ) సైట్‌కి చేరుస్తుంది. టేప్ కాపీ మాత్రం ఇంకా క్యూలోనే ఉండొచ్చు. ప్రైమరీ ఆ సమయంలో పడిపోతే డీఆర్‌లో క్యాటలాగ్ డేటాసెట్ ఉందంటుంది, మౌంట్ మాత్రం ఫెయిలవుతుంది.

అందుకే అన్నిటికీ ఒకే మేనేజ్‌మెంట్ క్లాస్ ఇవ్వకూడదు. హెచ్ఎస్ఎం (వాడని డేటాను డిస్క్ నుంచి తరలించే ప్రోగ్రామ్) ఎంఎల్2కి, అంటే అలా టేప్‌కి వెళ్ళిన డేటాకి, సింక్రనస్ ఇవ్వాలి. మైగ్రేట్ అయ్యాక డిస్క్ మీద అసలు కాపీ ఉండదు, టేప్ మీదున్నదే ఏకైక డేటా. హెచ్ఎస్ఎం కంట్రోల్ డేటాసెట్ల బ్యాకప్‌కి, డేటాబేస్ లాగ్ ఆర్కైవ్‌లకి కూడా అదే లేదా రన్. రోజువారీ ఫుల్ వాల్యూమ్ డంప్‌లకి డిఫర్డ్ సరిపోతుంది. మళ్ళీ తయారు చేసుకోగల పని ఫైళ్ళకి నో కాపీ. ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది: క్లాస్‌లో కాపీ మోడ్ మార్చినంత మాత్రాన పాత వాల్యూములు మారవు. అవి మళ్ళీ మౌంటయినప్పుడే కొత్త పాలసీ వర్తిస్తుంది. వెంటనే కావాలంటే లైబ్రరీ రిక్వెస్ట్ కమాండ్‌తో ఒక్కో వాల్యూమ్‌కి కాపీ రిఫ్రెష్ ఇవ్వాలి. అదే కమాండ్‌లో ఎల్‌వాల్ కీవర్డ్ ఇస్తే ఏ క్లస్టర్‌లో కాపీ పూర్తయిందో, ఎక్కడ ఇంకా క్యూలో ఉందో ఒక్కో లైన్‌లో చూపిస్తుంది.

ఇక స్క్రాచ్. క్యాటలాగ్‌లో ఉన్నంతకాలం ఉంచు అనే నియమంతో వీఆర్ఎస్‌లు (వాల్యూమ్‌ని ఎంతకాలం ఉంచాలో ఆర్ఎంఎంకి చెప్పే నియమాలు) రాసుకున్న షాపులు ఎక్కువ. ఎవరో క్యాటలాగ్ శుభ్రం చేస్తూ ఒక హైలెవల్ క్వాలిఫయర్ (పేరులో మొదటి భాగం) ఉన్న డేటాసెట్లన్నిటినీ అన్‌క్యాటలాగ్ చేశారనుకోండి. ఆ రాత్రి ఆర్ఎంఎం హౌస్‌కీపింగ్ వందల వాల్యూములను ఎక్స్‌పైర్ చేసి స్క్రాచ్‌కి పంపేస్తుంది. దీనికి రెండు అడ్డుకట్టలు వేయాలి. ఒకటి, ఆర్ఎంఎం పార్మ్‌లో (సెట్టింగుల్లో) వీఆర్ఎస్‌డ్రాప్‌కి, అంటే ఒక్క రన్‌లో వీఆర్ఎస్ రక్షణ పోయే వాల్యూములకి, శాతం పరిమితి పెట్టి ఫెయిల్ అని రాయండి, పరిమితి దాటితే హౌస్‌కీపింగ్ ఆగిపోతుంది. వీఆర్ఎస్ మార్చిన రోజు ముందుగా వెరిఫై పార్మ్‌తో నడిపి యాక్టివిటీ ఫైల్ చదవండి. రెండోది టీఎస్7700లోనే ఉంది: స్క్రాచ్ క్యాటగిరీకి ఎక్స్‌పైర్ టైమ్ (స్క్రాచ్ అయిన డేటాని ఎంతసేపు ఉంచాలో), దాంతోపాటు ఎక్స్‌పైర్ హోల్డ్ (అంతదాకా ఆ వాల్యూమ్‌ని మళ్ళీ వాడనివ్వనిది). హోల్డ్ లేకపోతే ఆ వాల్యూమ్ తర్వాతి స్క్రాచ్ మౌంట్‌కే దొరికి ఓవర్‌రైట్ అయిపోవచ్చు. ఎక్స్‌పైర్ టైమ్ 24 గంటలే పెడితే శుక్రవారం రాత్రి పొరపాటు సోమవారం బయటపడేసరికి గడువు దాటిపోతుంది. ఏడు రోజులు పెట్టడం నా లెక్కలో కనీసం. అయితే హోల్డ్‌లో ఉన్నవి స్క్రాచ్ మౌంట్‌కి రావు, డేటా క్యాష్‌లో చోటు పట్టుకునే ఉంటుంది. వాల్యూములు కొన్ని అదనంగా ఇన్సర్ట్ చేసుకోకపోతే కన్సోల్ మీద సీబీఆర్3660ఏ (స్క్రాచ్ వాల్యూములు తక్కువయ్యాయన్న సందేశం) వస్తుంది.

వాల్యూమ్ సైజు దగ్గరా తప్పులు జరుగుతాయి. 400 మెగాబైట్ల నుంచి 25,000 మెగాబైట్ల వరకు డేటా క్లాస్‌లో ఎంచుకోవచ్చు. ఈ లెక్క కంప్రెస్ అయ్యాక ఉండే సైజుది. జేసీఎల్‌లో (జాబ్ నడపడానికి రాసే ఆదేశాల్లో) వాల్యూమ్ కౌంట్ ఇవ్వకపోతే స్క్రాచ్ టేప్ డేటాసెట్‌కి ఐదే దక్కుతాయి. 800 మెగాబైట్ల వాల్యూములైతే మూడు రెట్లు కంప్రెస్ అయినా దాదాపు 12 గిగాబైట్ల దగ్గర ఎస్837-08 అబెండ్ (జాబ్ అర్ధాంతరంగా ఆగిపోవడం). ఇక్కడ ఒక విషయం తరచూ దెబ్బకొడుతుంది: డేటాసెట్ ఎన్‌క్రిప్షన్ పెట్టిన మర్నాడు, అంతదాకా ఏళ్ళ తరబడి నడిచిన డంప్ జాబ్ ఇదే అబెండ్‌తో పడిపోవడం. ఎన్‌క్రిప్ట్ అయిన డేటా టీఎస్7700లో కంప్రెస్ కాదు. ముందు హోస్ట్‌లో కంప్రెస్, తర్వాత ఎన్‌క్రిప్ట్, ఆ వరస కావాలి. అలాగని అన్నిటికీ 25,000 పెట్టేయకండి. వెనక ఫిజికల్ టేప్ ఉన్న మోడల్‌లో, వాల్యూమ్ క్యాష్‌లో లేకపోతే చిన్న ఫైల్ కోసమైనా మొత్తం వాల్యూమ్‌ని రీకాల్ చేయాలి. పైగా ఒక వాల్యూమ్‌ని ఒకసారికి ఒక్క జాబే వాడుకోగలదు.

గ్రిడ్ బయట ఒక కాపీ ఉండాలంటే ఫిజికల్ టేప్ ఉన్న ఆ మోడల్‌లో కాపీ ఎక్స్‌పోర్ట్ దారి ఉంది. రెండో కాపీ పూల్‌లోని కార్ట్రిడ్జ్‌లను బయటికి తీసి వేరే చోట పెట్టొచ్చు. ఎక్స్‌పోర్ట్ లిస్ట్ వాల్యూమ్ మీద మూడు ఫైళ్ళు ఉండాలి: లిస్ట్, రిజర్వ్‌డ్, స్టేటస్. మూడోదాన్ని ప్రతిసారీ చదవాలి, ఏ కార్ట్రిడ్జ్ వెళ్ళింది, ఏది ఫెయిలైంది అన్నది అందులోనే ఉంటుంది. రికవరీకి ఖాళీ టీఎస్7700 కావాలన్నది ఒప్పందంలోనే రాయించుకోండి.

డీఆర్ టెస్ట్‌కి డీఆర్ క్లస్టర్‌ని రైట్ ప్రొటెక్ట్ మోడ్‌లో పెట్టి, టెస్ట్ హోస్ట్‌కి వేరే స్క్రాచ్ క్యాటగిరీ ఇవ్వండి, ఆ క్యాటగిరీని మాత్రమే ప్రొటెక్షన్ నుంచి మినహాయించండి. టెస్ట్ ఎల్‌పార్‌లో (మెయిన్‌ఫ్రేమ్‌లో విడిగా కేటాయించిన భాగంలో) ఆర్ఎంఎం హౌస్‌కీపింగ్, హెచ్ఎస్ఎం ఆటో పనులు ఐపీఎల్‌కి (సిస్టమ్ బూట్‌కి) ముందే ఆపేయాలి. లేకపోతే మిర్రర్ అయిన కంట్రోల్ డేటాసెట్ చూసి టెస్ట్ సిస్టమ్ ప్రొడక్షన్ వాల్యూములనే స్క్రాచ్ చేయబోతుంది.